మరచెంబులో నీళ్లు

మొన్న సాయంత్రం నంద్యాలలో మా ఇంటి వసారాలో కూర్చుని ఉండగా, ఆళ్లగడ్డలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో పనిచేసే మా కోడలు బస్సు దిగి వచ్చింది. చెప్పులు విడుస్తుండగానే ఫోను మోగితే స్పీకరులో పెట్టింది. పనిచేసే చోట సౌకర్యాలు ఎలా ఉన్నాయని ఉద్యోగులను అడిగే రికార్డు గొంతు అది. తృప్తిగా ఉంటే ఒకటి నొక్కమంది. మాట పూర్తికాకముందే ఆమె ఒకటి నొక్కి, సంచిలోంచి నీళ్ల సీసా తీసి బల్లమీద పెట్టి లోపలికి వెళ్లింది. పొద్దున నింపుకొని పోయిన సీసా మూత దాకా నిండుగానే ఉంది. భూసార పరీక్షా కేంద్రంలో ఉద్యోగకాలమంతా మట్టి పరీక్షించినవాణ్ణి, ఎవరేం చెప్పినా సాక్ష్యం వెతకడం నాకు అలవాటు. ఆ సీసాను చూశాక ఆమె నొక్కిన ఒకటిని నేను నమ్మలేకపోయాను.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆళ్లగడ్డలో మా కార్యాలయం ఒక అద్దె ఇంటి ముందు భాగంలో ఉండేది. వెనక భాగంలో ఇంటి యజమానురాలు కాపురముండేది, ఇంటికున్న ఒక్క మరుగుదొడ్డీ ఆమె వైపే ఉండేది. మగవాళ్లం గోడ అవతల కంపచెట్ల చాటుకు పోయేవాళ్లం గనుక, మా భాగంలో మరుగుదొడ్డి లేదన్న సంగతి మాకెవరికీ లోటుగా తోచలేదు. మాలో ఆడమనిషి టైపిస్టు అక్క ఒక్కతే. రోజూ నంద్యాల నుంచి శిరివెళ్ల మీదుగా బస్సులో వచ్చేది. తరచూ జ్వరమని సెలవు పెట్టేది, నంద్యాలకే బదిలీ చేయమని అర్జీ కూడా పెట్టుకుంది. "జరమూ లేదు, గిరమూ లేదు. ఇంటికాడ కూచోని జీతం తినాలని సూస్తాందప్పా" అనేవాడు మా అటెండరు. నాకు ఆ జ్వరం మీదా అనుమానమే, అటెండరు మాట మీదా అనుమానమే.

ఆ ఎండాకాలం వాకిట్లో మొక్కలన్నీ మాడిపోతే ఒక్క మందారం మాత్రం పచ్చగా నిలిచింది. రుద్రవరం రైతులు తెచ్చిన మట్టి పొట్లాలు విప్పిన చేత్తోనే దాని మొదట్లో మట్టి తీసి చూశాను. పక్క మొక్కల మట్టికీ దీనికీ తడి తప్ప తేడా లేదు. నీళ్లెవరు పోస్తున్నారో అని కాపు వేస్తే, సాయంత్రం బస్సుకు బయలుదేరే ముందు టైపిస్టు అక్క మరచెంబు మూత తిప్పి, పొద్దున తెచ్చుకున్న నీళ్లన్నీ దానికి వంపి వెళుతోంది. అంత ఎండలో మనిషి గుక్కెడైనా తాగలేదంటే నమ్మబుద్ధి కాక మరికొన్నాళ్లు గమనించాను. వెనకింటి యజమానురాలు ఇంట్లో ఉన్న రోజున చెంబు ఖాళీ అయ్యేది. ఆమె తాళం వేసుకొని ఊరికి పోయిన రోజున నిండుగా మిగిలేది. పోయే చోటు లేక నీళ్లు మానుకుంటే వచ్చే జ్వరాలవి అని అప్పుడు తట్టింది.

అర్జీ సంగతి తేల్చడానికి నంద్యాల నుంచి పెద్దసారు వచ్చి, అందరినీ హాల్లో నిలబెట్టి, ఇక్కడ ఏమైనా ఇబ్బందా అని ఆమెను అందరి ముందే అడిగారు. ఆమె తల వంచుకొని "ఏం లేదు సార్" అంది. జీపు దాకా ఆయన వెంట నడిచి, ఉన్న విషయం నేనే చెప్పాను.

"ఆయమ్మే లేదంటాంటే నీకేందప్పా నొప్పి?" అన్నారాయన.

అయినా నా మాట పూర్తిగా తోసెయ్యలేదు. బదిలీ ఇవ్వలేదు గానీ, వానలు మొదలయ్యేసరికి పెరట్లో మరుగుదొడ్డి కట్టించారు. అది శుభ్రంగా ఉండాలని తాళం వేసి, తాళంచెవి అటెండరు జేబులో ఉంచారు. వానలు వెనకబట్టి, తక్కిన మొక్కలు మళ్లీ వాడిపోయినా మందారం మాత్రం వాడకపోవడం చూసి, ఉండబట్టలేక ఆమెనే అడిగాను. "దినామూ ఆయప్ప ముందర నిలబడి బీగంచెవి అడిగేదానికన్నా దప్పికే మేలప్పా" అంది. మరుసటి ఏడు ఆమె ఉద్యోగమే మానుకుంది. ఆ వేసవిని మందారం దాటలేదు.

ఇదంతా తలపోస్తూ ఉండగా మా కోడలు కాఫీ తెచ్చింది. ఫోను సంగతి ఎత్తకుండా ఒక్కటే అడిగాను.

"మీ ఆఫీసులో బాత్రూం బీగంచెవి ఎవురి దగ్గర ఉంటాదమ్మా?"

ఆమె గ్లాసు నా చేతికివ్వడం మరిచి నిలబడిపోయింది. "మీకెవురు చెప్పినారు మామా?"

వాళ్లది ఇప్పుడు సొంత భవనం. నునుపు బండలు, గదిగదికీ ఫ్యాన్లు, వాకిలంతా సిమెంటు. మిగిలిన నీళ్లు వంపుదామన్నా ఒక్క మొక్క లేదక్కడ. అందుకే కాబోలు, ఆ సీసా నిండుగా ఇంటిదాకా వస్తోంది.