బాపు కుడిచెవి, పైపు తుపాకి

ముందే చెప్పేస్తున్నాను, నేను పెంచి చెబుతాను. మా ఇంట్లో ఎలుక కనబడితే, నా నోట్లోంచి బయటికొచ్చేసరికి అది పందికొక్కు అవుతుంది. వినేవాడు మంచివాడైతే అడవిపంది కూడా అవుతుంది. కాబట్టి కింద రాసినదాన్ని సగానికి కోసుకుని చదువుకోండి.

తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు, ఆత్మకూర్ దగ్గరి మా పల్లికాయ చేను మీదికి కోతులు దిగాయి. ఊళ్లో ఓటర్ల కన్నా అవే ఎక్కువ. కాయ పీకి, మట్టి దులిపి, గింజ నచ్చకపోతే మా ముఖాన విసిరికొట్టేవి. డబ్బా వాయిస్తే భజన అనుకుని కూర్చుని వినేవి. దాంతో మా బాపు కూడా అందరిలాగే పైపు తుపాకి చేయించాడు.

బోరుకు వాడే ప్లాస్టిక్ పైపు ముక్క, వెనకాల గ్యాస్ పొయ్యి లైటర్, లోపల వెల్డింగ్ దుకాణంలో దొరికే కార్బైడ్ గడ్డ. గడ్డ మీద కాసిని నీళ్లు పడితే బుసబుసమని గ్యాసు పుడుతుంది. లైటర్ రవ్వ తగలగానే అదంతా ఒక్కసారిగా మండి, ఉబ్బి, పైపు మూతిలోంచి బయటికి దూకుతుంది. ఆ దూకుడే చప్పుడు. తూటా లేదు, వట్టి గాలి. మొదటిసారి పేలినప్పుడు కృష్ణ అవతలి ఒడ్డున బర్రెలు చేపడం మానేశాయి.

అమ్మ మాత్రం కోతుల కన్నా ఎక్కువ కోపంగా ఉంది. "పొయ్యి అంటియ్యనీకె లైటర్ లేకుంట జేసినవ్. గిప్పుడు బువ్వ ఏడ వండాలె, నీ తుపాకి మీదనా?"

"కోతులు పోనీయే, గట్లనే వండుదాం" అన్నాడు బాపు.

ఆయన చెవుల సంగతి చెప్పాలి. ఎడమది ఎప్పుడో మొద్దుబారింది. కుడిది ఊరి ఆస్తి. ఎవరి బోరు ఎండుతున్నా ఆయన్నే పిలిచేవారు. బోరు నోటి దగ్గరి ఇనుప పైపుకు చెవి ఆనించి, లోపలికి రాయి వేయించి, అది పడ్డ చప్పుడును బట్టి నీళ్లెంత లోతున్నాయో చెప్పేవాడు. మోటారు దించాలా, ఇంకో బోరు వేయాలా అన్నది ఆ చెవే తేల్చేది.

ఒక పొద్దున కోతుల గుంపు గట్టు దాటింది. బాపు లైటర్ నొక్కాడు. టిక్. పేలలేదు. మళ్లీ టిక్.

"గడ్డ ఖరాబైందేమో బాపూ, పక్కకు వెట్టు" అన్నాను.

పైపు కనబడితే ఆయనకు ఒక్కటే అలవాటు. మూతికి కుడిచెవి ఆనించాడు, అచ్చం బోరుకు ఆనించినట్టే. చెయ్యి మాత్రం లైటర్ మీదే ఉంది.

"ఆగు రా, లోపల సుయ్‌మంటాంది" అన్నాడు. ఆ మాట మీదే వేలు మళ్లీ నొక్కింది.

ఆ చప్పుడును పెంచి చెప్పడం నాకు చేతకాదు. జుట్టు కమిలిన వాసన వచ్చింది. బాపు కింద కూలబడి నా నోటికేసి చూస్తూ అడిగాడు: "నోరు ఆడిస్తున్నవ్ గాని మాట్లాడవేందిరా?"

కర్ణభేరి చిరిగిందన్నాడు దవాఖానలో డాక్టరు.

"మానితే ఇనబడతదా సారూ?" అంది అమ్మ.

"చూద్దామమ్మా."

చెవిలో దూది తీసేసిన రోజు బాపు ఇంటికి రాలేదు, దవాఖాన నుంచి నేరుగా మా బోరు దగ్గరికే నడిచాడు. పైపుకు కుడిచెవి ఆనించి, కళ్లు మూసుకుని, "రాయి ఎయ్యి" అన్నాడు నాతో. వేశాను. కాసేపటికి ఆయన నవ్వి, "పడ్డది రా, నీళ్లున్నయి" అన్నాడు. వెంట వచ్చిన అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

ఇప్పుడు ఒప్పుకోవాలి. కోతులు ఓటర్ల కన్నా తక్కువే. బర్రెలు ఆ పూట కూడా పాలిచ్చాయి. అవన్నీ పెంచినవి. పూర్తిగా కల్పించింది మాత్రం ఒక్కటే, ఆ నవ్వూ ఆ మాటా. రాయి వేసింది నిజం. అది పైపు గోడలకు తగులుతూ దిగి, అడుగున నీళ్లలో బుడుంగుమన్నది నిలబడ్డ చోటికే నాకు వినబడింది. బాపు చెవి తీయలేదు, కళ్లు తెరవలేదు.

"ఎయ్యి రా, ఇంక చూస్తవేంది?" అన్నాడు.