పూల ఈగకు అతికిన తల

మా అక్కను వీధిలో అందరూ ఈగల డాక్టరు అంటారు. ఈగలకు జ్వరమొస్తే చూస్తుందనుకుంటున్నారో ఏమో! ఆమె పని మ్యూజియంలో, కీటకాల గదిలో. చచ్చిన ఈగలను సూదులకు గుచ్చి, మైక్రోస్కోపు కింద పెట్టి, ఏది ఏ జాతో తేలుస్తుంది. అందులోనూ పూల ఈగలంటే ఆమెకు ప్రాణం. అవి తేనెటీగల్లా కనిపిస్తాయి, పూల ముందు గాలిలో కదలకుండా నిలబడతాయి. వేషమే గానీ విషం లేదు పాపం.

ఉద్యోగమంతా అక్క ఇతరులు కనిపెట్టిన జాతులకు చీటీలు అంటిస్తూనే గడిపింది. ఇక రిటైరవబోతుండగా, కొండల మీద పట్టుకొచ్చిన ఒక మగ ఈగ ఆమెకు కంటి మీద కునుకు లేకుండా చేసింది. వెనక కాళ్ళు లావుగా, నల్లగా ఉన్నాయి. కళ్ళ మీద సన్నటి నూగు ఉంది. అలాంటిది ఏ పుస్తకంలోనూ లేదు. నూగుకళ్ళ ఈగ అని పేరు పెట్టి, వర్ణన రాసి, పత్రికకు పంపింది. తనదంటూ ఒక్క జాతైనా ఉండాలని ఆమె కోరిక. ఆ వారమంతా ఇంట్లో పెళ్ళి సందడే.

పత్రిక వాళ్ళు ఆ వ్యాసాన్ని ఒక పండితుడికి చూపించారు. ఆయన ఒకటే ప్రశ్న వేశాడు. "నూగు కళ్ళున్న ఈగలకు ఇలాంటి కాళ్ళు నేనెక్కడా చూడలేదు. ఈ తల దీనిదేనా?"

అక్క ముఖం పాలిపోయింది. ఎండిన ఈగల తలలు ఊరికే ఊడిపోతాయి. కొండ దిగి వస్తుంటే బస్సు కుదుపులకు పెట్టెలో దీని తలా, ఇంకో ఈగ తలా ఊడాయి. రెండూ ఒకే సైజు. కంటికి సరిపోయినట్టు కనిపించినదాన్ని జిగురు పెట్టి అతికించేసింది. ఆ గదిలో అందరూ చేసే పనే అది. పోల్చి చూద్దామంటే రెండో ఈగను ఎప్పుడో పురుగులు తినేశాయి.

"దీనిదేనని రాసి పడేయండి మేడమ్, ఎవరు చూడొచ్చారు?" అన్నాడు పక్క టేబుల్ ఆయన.

"నాకే తెలియంది ఎలా రాయను? తల ఏదో తెలియని ఒంటిని పట్టుకుని కొత్త జాతి అంటే ఎవరొప్పుకుంటారు?" అంది అక్క. వ్యాసం వెనక్కి తీసుకుంది. నాకు ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళకు నోటిదాకా వచ్చిన ముద్దను తనే జారవిడుచుకుంటుందా!

మళ్ళీ పూల కాలం రాగానే సెలవు పెట్టి కొండకు బయలుదేరింది. మోకాళ్ళు సహకరించవు కాబట్టి నేనూ వెంట నడిచాను. నేను దర్జీని, ఆమె వలల సంచులు కుట్టేదాన్ని నేనే. పట్టడం మాత్రం ఎన్నడూ ఎరగను. కొండ మీద ఒకటే మబ్బు. ఎండ లేకపోతే పూల ఈగ బయటికి రాదట, మహారాణి! చివరి రోజు మధ్యాహ్నానికి ఎండ కాసింది. అక్క రాయి మీద కూర్చుని మోకాలు ఒత్తుకుంటోంది. వల నా చేతిలో ఉంది. సరిగ్గా నా ముక్కు ముందు ఒక ఈగ వచ్చి నిలబడింది.

"కదిలావో, చంపేస్తా! కింద నుంచి వల విసరవే!" అంది అక్క గొంతు తగ్గించి.

కళ్ళు మూసుకుని విసిరాను. దేవుడి దయ, పడింది.

అక్క దాన్ని గాజు గొట్టంలోకి మార్చి, భూతద్దం పెట్టింది. ముందు కాళ్ళు, తర్వాత కళ్ళు చూసింది.

"కాళ్ళు అవే. కళ్ళు మాత్రం నున్నగా ఉన్నాయి, నూగు లేదు."

"అయితే... కొత్తది కాదా అక్కా?"

"పిచ్చిదానా! ఈ కాళ్ళకు ఈ కళ్ళున్న ఈగ కూడా ఎక్కడా లేదే! తల మార్చింది నేను, జాతి కొత్తదే!" అంటూ నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. నేనైతే బాహాటంగానే ఏడ్చాను.

"మరి నువ్వు పెట్టిన పేరు? నూగుకళ్ళ ఈగ అని ఎంత ముచ్చటపడ్డావు!"

"పోతే పోయింది. దాని కళ్ళు ఎలా ఉంటే అలాగే పిలుద్దాం," అంది. తర్వాత సంచీలోంచి కాగితం తీసి, ఆ రాయి మీదే మొదటి వాక్యం రాసింది: మొదటి ఈగకు వేరే జాతి తల అతికించినది నేనే.