కోనకి పోయే మొదటి బస్సు

మా పాలెంలో తెప్పలు సముద్రంలోకి దిగే వేళకి మొగుడు పోయిన ఆడది బయట కనపడకూడదు. ఎదురొచ్చిందంటే ఆ పొద్దు వలలో చేప పడదంటారు. మైపాడుకి కాస్త ఎగువన, ఇసక మీద వేసుకున్న గుడిసెలు మావి. ఇరవయ్యేళ్ళు దాటీ దాటకముందే నేను ఆ వేళకి తలుపేసుకుని లోపల కూచోవడం నేర్చుకున్నా.

నా మొగుడు సముద్రంలోనే పోయినాడు. మనిషి ఒడ్డుకి కూడా రాలా. నేను అత్తామామల దగ్గరే ఉండిపోయినా.

ఆయన బతికుండగా ఒకసారి మొక్కు తీర్చుకోను పెంచలకోన పోయొచ్చినాడు. వచ్చినాక ఎన్నాళ్ళో అదే మాట. చుట్టూ కొండలంట, మధ్యలో లోయంట, మిట్టమధ్యాన్నం కూడా ఎండ నేల మీద పడనంత చిక్కగా చెట్లంట. పైనుంచి రాళ్ళ మీదికి నీళ్ళు దూకుతాయంట, తాగితే తియ్యగా ఉంటాయంట. మా బావి నీళ్ళతో పప్పు కూడా ఉడకదు, అంత ఉప్పు. తియ్యని నీళ్ళంటే నేను నమ్మలా. ఇంకోటి కూడా చెప్పినాడు.

"ఆడ సముద్రం మోత ఇనపడదు మే. చెవులు తేలికైపోతాయి."

ఆయన పోయినాక ఆ మాటొకటే నన్ను పట్టుకుంది. ఆయన్ని మింగిన సముద్రం ఏమీ జరగనట్టు మా ఇంటెనకే మోగతా ఉండేది. ఆ మోత లేని చోట ఒక్క పగలు కూచుని రావాల. నాక్కావాల్సింది అంతే.

తిరణాలకి జనంతో పోవచ్చు. జనంతో పోతే బండిలో వెనక కూచోవాల, శుభకార్యం మాటొచ్చినప్పుడల్లా పక్కకి తప్పుకోవాల. అదేదో ఇంట్లోనే ఉంది కదా. ఒక్కదాన్నే పోతానని అత్తతో చెప్పినా.

"ఒక్కదానివేనా? కోనలో నీకు ఎవుడు వండిపెట్టుకుని కూచోనుండాడే?"

"సద్ది నేనే కట్టుకుపోతా."

"దారి తెలుసా నీకు?"

"నోరుంది కదా, అడుగుతా."

"ఉండేదే ఆ నోరొకటి," అనింది అత్త.

మామ వల చిక్కు తీస్తా తలెత్తకుండానే, "పోనీయే. పొద్దు మునిగేలోపల ఇంట్లో ఉంటే చాలు. రాత్రి బయటుంటే మాత్రం ఊరి నోరు మూయించలేను," అన్నాడు.

దారి సంగతి చెప్పింది ఎండుచేపల బేరగాడు. అతను రాపూరు సంతకి మూటలు ఎత్తుకుపోయేవాడు. మా పాలెం దాపున రోడ్డు చివర పడుకునే బస్సు పొద్దున్నే నెల్లూరు పోతాది. అక్కడ రాపూరు బస్సు పట్టుకోవాల. రాపూరు నుంచి కోనకి బండో, ఏదొకటో దొరుకుతాది. "మొదటి బస్సు తప్పితే మాపటికి తిరిగి రాలేవక్కా," అన్నాడు. నాకప్పటికి అక్షరం ముక్క రాదు, బస్సు మీద బోర్డు చదవలేను. అందుకని ఇసకలో ఎండేసిన చేపలు తిరగేసేటప్పుడల్లా ఆ దారి నోట్లో వల్లెవేసుకున్నా.

చిక్కల్లా ఏందంటే, మొదటి బస్సు వేళా తెప్పలు దిగే వేళా ఒకటే. రోడ్డుకి పోవాలంటే తెప్పల ముందరగా పోవాల. నేనాలోచించి, అందరికంటే ముందే లేచి సరుగుడు తోపు వెనకనుంచి చుట్టు తిరిగి పోదామనుకున్నా. ఎవరి కంటా పడకూడదు.

ముందురోజు అత్త పులుసన్నం కలిపింది. ఎండుచేప ముక్క పెడతా ఆగి, "కోనకి నీచు ఏందిలే," అని తీసేసింది. ఒక సీసా ఇసకతో తోమి నా మూటలో పెట్టింది.

"ఆ నీళ్ళు తియ్యగుంటాయన్నాడు కదా నా కొడుకు. ఒక సీసాడు పట్టుకురా."

పొద్దున్నే తోపు వెనకగా పోయినా. ఒక్క మనిషి ఎదురు రాలా. బస్సు కాడ కండక్టరు ముందద్దానికి ఊదొత్తి తిప్పతా ఉన్నాడు. నేనొక కాలు మెట్టు మీద పెట్టినా.

"ఆగాగు అమ్మా. ఇంకా బోణీ కాలా." నా నొసలు చూసినాడు. "ఇంకెవరన్నా ఎక్కినాక ఎక్కు. ఏమనుకోబాక."

"నా డబ్బులు చెల్లవా?"

లోపల్నుంచి డ్రైవరు అరిచినాడు. "పొద్దున్నే రగడ పెట్టబాకమ్మా! మొన్ననే టైరు పగిలి నడి రోడ్డు మీద నిలిచిపోయినాం."

"ఆ పొద్దు మొదట ఎక్కింది ఎవరయ్యా? నేనైతే కాదు కదా."

కిందే నిలబడినా. మగోళ్ళంతా తెప్పల మీద, ఆడోళ్ళంతా ఒడ్డున. బస్సుకి ఎవరొస్తారు? హారన్ రెండుసార్లు కొట్టినారు. ఎవరూ రాలా. "ముందూళ్ళో బోణీ చేసుకుంటాంలే," అని కండక్టరు తలుపు కొట్టినాడు. బస్సు ఖాళీగా పోయింది. ఒక్క మనిషి లేదు దాంట్లో.

ఎవరి కంటా పడకూడదని ముందొచ్చినా. ముందొచ్చినందుకే మొదటిదాన్నయినా. తెప్పల సంగతి అంత ఆలోచించిన దాన్ని, బస్సుక్కూడా బోణీ ఉంటాదని నా బుర్రకి తట్టలా.

తిరిగొచ్చేటప్పుడు తెప్పలన్నీ లోపలికి పోయినాయి, దాక్కోవాల్సిన పని లేదు. తిన్నగా ఒడ్డెంబడే వచ్చినా, మోత వింటా.

అత్త గుమ్మంలోనే ఉంది. చెప్పినా. కండక్టర్ని, వాడి ముందు తరాల్ని తిట్టింది. ఆ తరువాత నా పక్కన కూచుని పులుసన్నం మూట విప్పింది. ఇద్దరం తిన్నాం.

"ఈ చేపల కాలం పోనీ," అనింది. "నేనొస్తా నీతో. మొదటి టిక్కెట్టు నేను కొనుక్కుని, ముందూళ్ళో దిగి నడిచొచ్చేస్తా. నా మొహాన ఇంకా బొట్టుంది కదే."

ఆ మాట ఆమె అంటాదని నేను కలలో కూడా అనుకోలా. సీసా ఉట్టి మీద పెట్టింది.

చేపల కాలం పోయింది. వానలొచ్చినాయి. మామకి దగ్గు పట్టుకుని, తగ్గినట్టే తగ్గి, కార్తీకంలో మంచాన పడి పోయినాడు. పదో రోజు అత్త గాజులు పగలగొట్టినారు.

తరువాత ఒక పొద్దున ఆమె అలవాటు కొద్దీ కడవెత్తుకుని బయటికి పోయింది, తెప్పలు దిగే వేళకే. అటు పోయి ఇటు తిరిగొచ్చేసింది, ఖాళీ కడవతో. తలుపేసి నా పక్కన కూచుంది. ఆ చిన్న గుడిసెలో ఇద్దరం, బయట తెప్పలు నెట్టే కేకలు వింటా.

కోన మాట ఇద్దరం మళ్ళీ ఎత్తలా. ఆ సాయంత్రం అత్త ఉట్టి మీది సీసా దించి, దాంట్లో కిరసనాయిలు పోసుకొచ్చింది.