ఆదివారం భోజనాల అనంతగిరి యాత్ర

మొన్న మా మనవడు ఆఫీసు స్నేహితులతో అరకు వెళ్ళాలని హాల్లో కూర్చుని ఏర్పాట్లు చేసుకుంటున్నాడు. వ్యాను మాట్లాడుకున్నారట. తెల్లకాగితం మీద ఎడంపక్క ఊళ్ళ పేర్లు, కుడిపక్క తిండి పేర్లు. కోటలో ఇడ్లీ, ఘాటు మొదట్లో టీ, అనంతగిరిలో పులిహోర పొట్లాలు, అరకులో కోడికూర. కొండ పేరు ఒక్కటి లేదు, వాగు పేరు లేదు. వీళ్ళు వెళ్ళేది చూడ్డానికో మెక్కడానికో నాకు బోధపడలేదు. పక్కన పడకకుర్చీలో నేనొకణ్ణి ఉన్నానని అప్పుడు గుర్తొచ్చింది కాబోలు, "తాతా, మీ ఊరు ఆ పక్కే కదా. కొండల్లో తినడానికి ఏమైనా మంచివి దొరుకుతాయా?" అని అడిగాడు. లేచి వరండాలోకి వచ్చేశాను. ముసలాయనకి కోపం వచ్చిందని కోడలు వాణ్ణి కేకలేసింది. వాడి తప్పేముంది? అలాంటి కాగితమే ఒకటి యాభై ఏళ్ళ కిందట నా చేత్తో నేనే రాశాను.

మాది ఆ కోటే, శృంగవరపుకోట. మా పెదనాన్నకి అక్కడ కొండసరుకుల కొట్టు. చింతపండు, పసుపు, పిప్పళ్ళు, అడ్డాకు విస్తళ్ళు, అన్నీ కొండవాళ్ళ నెత్తి మీద దిగి వచ్చేవి. నలభై ఏళ్ళు ఆ కొట్టు మీద బతికిన మనిషి ఒక్కసారి కొండెక్కిన పాపాన పోలేదు. అక్కడి నీళ్ళు తాగితే జ్వరం, గాలి తగిలితే జ్వరం, వాళ్ళ నీడ పడితే మైల. అంతటి జాగ్రత్తపరుడికి ఒక కార్తీకమాసంలో కొండ మీద విహారం చెయ్యాలన్న బుద్ధి పుట్టింది. పుట్టించినవాడు ఆయన తోడల్లుడు, విజయనగరంలో ప్లీడరు. ఈ ప్లీడరుగారి నోరు కోర్టులో ఎంత లేచేదో నాకు తెలియదు గానీ విస్తరి ముందు మాత్రం బ్రహ్మాండంగా ఆడేది. "దొరలంతా చల్లగాలికి కొండలెక్కుతారు అన్నగారూ. కూతవేటు దూరంలో కొండ పెట్టుకుని మనం ఈ దుమ్ములో పడి ఉండడమేమిటి? మన్యంలో కొండవాళ్ళ తిరుగుబాటు, ఆ పితూరీ కూడా అణిగిపోయింది" అన్నాడు. అంతే, మూడు బండ్లలో అనంతగిరి మీదుగా అరకు దాకా యాత్ర అని తీర్మానం అయిపోయింది. ఇంటర్మీడియట్ రెండుసార్లు తప్పి ఇంట్లో కూర్చున్న ఇరవై రెండేళ్ళ ఘనుణ్ణి నేను. చేతిరాత బాగుంటుందని జాబితాలు రాసే పని నాకు అప్పగించారు.

ఇక ప్రతి ఆదివారం సభ. దారిలో ఎక్కడ ఆగాలి, ఎవరు ఏ బండి ఎక్కాలి అన్నవి అయిదు నిమిషాల్లో తేలిపోయేవి. తేలనిది తిండి. ఏ వంటకం ఎన్నాళ్ళు నిలవ ఉంటుంది? ఇది పరీక్ష చేసి గానీ చెప్పలేమని ప్లీడరుగారు వాదించాడు. కనక ప్రతి ఆదివారం పులిహోర కలపడం, అరిసెలు వత్తడం, పనసపొట్టు కూర ఆవ పెట్టి దింపడం. మూడోరోజుకి ఎలా ఉంటుందో చూద్దామని చేసిన పులిహోర ఒక్కనాడూ సాయంత్రం దీపాలవేళ దాకా బతకలేదు. "ఇంగువ కొంచెం తగ్గింది, వచ్చేవారం మళ్ళీ చూద్దాం" అని త్రేన్చేవాడు మహానుభావుడు. శనివారం సాయంత్రానికల్లా జట్కాలో దిగబడేవాడు. ఆ రానూపోనూ దూరం చూస్తే మా ఇంటి పులిహోర కోసం ఆయన ఎన్నిసార్లు అనంతగిరి వెళ్ళి రావచ్చో! కొండనీళ్ళు పనికిరావు గనక బిందెలతో కోట నీళ్ళు తీసుకెళ్ళాలన్నారు. కొండ కట్టె అంటుకోదేమోనని ఒక బండిలో ఇక్కడి కట్టెలు వేసుకోవాలన్నారు. అడవిలోకి కట్టెలు మోసుకెళ్ళే బుద్ధిమంతులు! నేను చక్కటి అక్షరాలతో అదీ రాశాను.

ఈ పరీక్షలన్నిటికీ పొయ్యి ముందు కూర్చున్నది మా మేనత్త. పెదనాన్నకి స్వయానా చెల్లెలు. చిన్నప్పుడే భర్త పోతే చంటిపిల్లాణ్ణి ఎత్తుకుని పుట్టింటికి వచ్చింది. ఆనాటి నుంచి వంటిల్లు ఆమెది. మడి కట్టుకుని మసిబారిన ఆ గదిలో ఎన్ని వేల విస్తళ్ళకి వండి ఉంటుందో. ఆ పిల్లాడే మా బావ. నాకంటే రెండేళ్ళు పెద్ద. వాడికి వయసు రాగానే పెదనాన్న సరుకు కొనడానికి వాణ్ణి అనంతగిరి పైన ఒక కొండ ఊళ్ళో పెట్టాడు. తనకి పడని నీళ్ళు చెల్లెలి కొడుక్కి పడతాయనుకున్నాడన్నమాట. ఈ యాత్ర తలపెట్టడానికి రెండేళ్ళ ముందు, భాద్రపదంలో, వాడు మన్యం జ్వరంతో అక్కడే పోయాడు. కబురు ఎనిమిది రోజులకి దిగింది. వానలని ఎవరూ వెళ్ళలేదు. ఇక్కడే దర్భలతో బొమ్మ చేసి కర్మ కానిచ్చేశారు. తల్లి కొడుకు ముఖం చూడలేదు, వాణ్ణి పెట్టిన చోటూ చూడలేదు.

మొదటి ఆదివారం నాడే అత్త గడప అవతల నిలబడి, "అన్నియ్యా, నన్నూ ఓ బండిలో ఎక్కించు. వంట నేనే సేత్తాను" అంది. వంటమనిషి కావాలి కదా, సరే అన్నాడు. ఆ సాయంత్రం పెరట్లో నన్ను పిలిచింది. "ఒరే నాయనా, నా పేరు రాసినావా? ఎక్కడుందో సూపించు" అంది. చూపించాను. అక్షరం రాని మనిషి, వేలు పెట్టి తడిమింది. "ఇస్తళ్ళు తెచ్చే ఆడమనిసి సెప్పింది. మా గుంటడు జొరంతో పడుకున్నప్పుడు ఆళ్ళ ఊరి మనిసే ఎవత్తో నోట్లో ఇంత పోసిందట. ఆమెని ఓపాలి సూసి ఒచ్చేత్తాను. ఇంకేటీ వద్దు నాకు" అంది. ఆ తరవాత ప్రతి ఆదివారం వంట కాగానే ఆ కాగితం చూపించమనేది. వరసలో అయిదో పేరు. వేలు నేరుగా అక్కడికే పోయేది.

మాఘమాసం వచ్చింది. చలి పోతోంది, బండ్లు ఇంకా కదల్లేదు. ఊరగాయ జాడీలు గడ్డిలో కుదురుగా పెట్టాలంటే మూడో బండిలో ఒక మనిషి చోటు తగ్గిందని తేలింది. ప్లీడరుగారు తన వంటవాణ్ణి పంపుతానన్నాడు. ఆపైన గొంతు తగ్గించి, "శుభమా అని విహారానికి బయల్దేరుతూ విధవ మనిషిని వెంటేసుకుపోవడం ఏమిటి అన్నగారూ" అన్నాడు. ఆ నిమిషంలో ఆయన నోట్లో ఉన్నది ఆ విధవ మనిషి వేసిన గారె. పెదనాన్న నా వంక చూసి, "నిజమే. కొట్టెయ్యరా" అన్నాడు. కొట్టేశాను. కలం ఆగలేదు. మాగాయ జాడీకి చోటు దొరికింది.

ఆ సాయంత్రం మామూలుగానే కాగితం అడిగింది. వేలు పెట్టి, "ఈ గీతేటి నాయనా?" అంది. "ముఖ్యమైనవాళ్ళ పేర్లకి అలా గీస్తారత్తా" అన్నాను. ఛీ! ఇప్పుడు రాస్తుంటే కూడా నా నోరు నాకే కంపు కొడుతోంది. ఆమె కాగితం అంతా ఒకసారి పరకాయించి చూసింది. పెదనాన్న పేరు మీద గీత లేదు, ప్లీడరు పేరు మీద లేదు. "అయితే ఈ ఇంట్లో నాకన్నా ముక్కెమైనోల్లు ఇంకెవులూ నేరన్నమాట" అంది. కాగితం మడిచి నా చేతిలో పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

మంగళవారం తెల్లారేసరికి అత్త లేదు. విస్తళ్ళు దింపిన ఆడవాళ్ళు ఖాళీ తట్టలతో తిరిగి వెళ్తుంటే వాళ్ళతో కలిసి నడిచిపోయిందని కొట్లో పనివాళ్ళు చెప్పారు. చెల్లెలు ఏమైందోనన్న బెంగ కంటే ఆదివారం వంట ఏమవుతుందోనన్న బెంగ పెదనాన్నకి ఎక్కువైంది. ఆ ఆదివారం పెద్దమ్మ ఉప్మా చేస్తే సభ అరగంటలో ముగిసింది. ప్లీడరుగారికి అర్జంటు కేసు గుర్తొచ్చింది.

పన్నెండో రోజు శనివారం సాయంత్రం ఆమె తిరిగి వచ్చింది. అరికాళ్ళు పగిలిపోయాయి, ముఖం మాత్రం తేటగా ఉంది. పెదనాన్న ఎక్కడికెళ్ళావని అడగలేదు. ఏం చూశావనీ అడగలేదు. "రేపు ఆదివారం, తోడల్లుడు ఉంటాడు" అన్నాడు. అంతే! ఆమె నూతి దగ్గర నీళ్ళు పోసుకుని, మర్నాడు పొద్దున్నే పొయ్యి రాజేసింది. పనసపొట్టు కూర, పులిహోర, అల్లప్పచ్చడి. ప్లీడరుగారు మారు మీద మారు వడ్డించుకున్నాడు. పొట్ట నిండాక ఆయనకి దయ పుట్టుకొచ్చింది. "అలిగి వెళ్ళావటమ్మా? కొండ మీద తిండికి ఇబ్బంది పడి ఉంటావు. ఏం తిన్నావేమిటి?" అన్నాడు.

అత్త గరిటె కింద పెట్టింది. "ఇబ్బందేటీ నేదు. మా గుంటడు పదకొండు దినాలు జొరంతో పడుంటే, ఒకామె సోడంబలి కాసి నోట్లో పోసిందట. ఆమింటికే ఎల్లినాను. అదే కుండలో కాసి, ఆ సేత్తోనే ఆకుడొప్పలో నాకూ పోసింది. తాగినాను. ఉన్నన్నాళ్ళూ రెండుపూట్లా తాగినాను" అంది.

పెదనాన్న నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది. ప్లీడరుగారు మూడోమారు పులిహోర సగం తిన్న చేత్తోనే పెరట్లోకి పరుగెత్తి, నూతిగట్టు దగ్గర గొంతులో వేలు పెట్టుకున్నాడు. ఏం బయటికొచ్చిందో దేవుడికెరుక! ఆ పులిహోరలో పసుపు కొండవాళ్ళది. చింతపండు వాళ్ళది. విస్తరి కుట్టిన చేతులు వాళ్ళవి, ఈనెపుల్ల తడపడానికి పెట్టుకున్న నోరు కూడా వాళ్ళదే. నలభై ఏళ్ళుగా అందులో తిని అరిగించుకున్న వంశానికి, చచ్చిపోతున్న పిల్లాడికి పోసిన రాగి అంబలి మాత్రం అరగలేదు.

వాళ్ళని అనడం తేలిక. నా విస్తట్లో కూడా సగం పులిహోర ఉంది. కొడుకు గురించి నాలుగు మాటలు అడుగుతానని అనుకుంది కాబోలు, అత్త వాళ్ళెవరినీ చూడకుండా నావైపు చూసింది. నేను పెదనాన్న వైపు చూశాను. ఆయన లేచాడు. నేనూ లేచాను. చెయ్యి కడుక్కుంటూ వెనక్కి తిరిగి చూస్తే, ఆమె వంగి నా విస్తరి మడుస్తోంది.

ఆ రోజు నుంచి అత్తని పెరట్లో పశువుల కొట్టం పక్క గదిలో ఉంచారు. వేరే పొయ్యి, వేరే కుండ. యాత్ర మానుకున్నామని ఎవరూ అనలేదు. ఆమె చేతి వంట లేదు గనక ఆదివారం సభలు లేవు, సభలు లేవు గనక బండ్లు లేవు. సంత రోజున కొండ ఆడవాళ్ళు ఆ గది గుమ్మంలో కూర్చుని ఆమెతో కబుర్లు చెప్పుకోవడం మా వీధి అరుగు మీదికి వినిపించేది. ఆమె నవ్వగా నేను విన్నది అప్పుడే.

పెదనాన్న పోయాక, నాకు పెళ్ళై ఇద్దరు పిల్లలు పుట్టాక, ఒక మధ్యాహ్నం ఆ గుమ్మంలోకి వెళ్ళి నిలబడ్డాను. "ఆకలేస్తోందత్తా" అన్నాను. "ఏటిరా, దారి తప్పినావేటి?" అంది. నవ్వలేదు, నిష్ఠూరం ఆడలేదు. కుండలోంచి అంబలి వంచి డొప్పలో పోసి నా ముందు పెట్టింది. బావ సంగతి అడిగాను. నేను తాగుతున్నంతసేపూ వాడు ఆ పదకొండు రోజులూ ఎలా ఉన్నాడో, ఏం పలవరించాడో ఒక్కొక్కటీ చెప్పింది. అడిగినవాణ్ణి నేనే మొదటివాణ్ణి.

లోపల మనవడు జాబితా ఇంకా పూర్తి చెయ్యలేదు, అరకులో కాఫీ ఎక్కడ బాగుంటుందో కనుక్కుంటున్నాడు. కోట నుంచి అనంతగిరి కొండ మీదికి మా అత్త రెండు రోజుల్లో నడిచి వెళ్ళింది. మా వీధి అరుగు మీంచి పెరటి గదికి వెళ్ళడానికి నాకు ఏడేళ్ళు పట్టింది.