ఎడమ చెవి లోలాకు

అక్క కూతురికి చెవులు కుట్టించడానికి గురజాలలో అక్క అత్తగారింట్లో మంచిరోజు చూసుకున్నారు. మేనమామను కాబట్టి పిల్లను నా ఒళ్ళో కూర్చోబెట్టుకోవాలి. కబురు చెప్పడానికి అక్క ఫోను చేస్తే నాయనమ్మ అంతా విని, పిల్లను దీవించి, తను మాత్రం రానంది.

రొంపిచెర్లలో అమ్మా నాన్నా పొద్దున్నే పొలానికి వెళ్ళిపోతే అక్కనూ నన్నూ పెంచింది నాయనమ్మే. ఆమె లేకుండా ఆ వేడుక చేయడం అక్కకు ఇష్టం లేదు. ఎందుకు రావని ఫోనులోనే ఏడ్చినంత పని చేసింది.

"బోడి చెవులేసుకొని వియ్యపురాలి ముందు ఎట్టా నిలబడేది? అదీ చెవులు కుట్టే కాడ," అంది నాయనమ్మ.

ఆమె చెవులు బోసిపోయి చాలా కాలమైంది. వయసులో పెట్టుకున్న బంగారు బుట్టల బరువుకు తమ్మెల రంధ్రాలు సాగి, కింద సన్నటి కండ మాత్రం మిగిలింది. అది కూడా తెగిపోతుందేమోనని భయపడి బుట్టలు తీసి పెట్టెలో దాచేసింది. ఆస్పత్రిలో కుట్టు వేస్తారని చెబితే, చెవులు కుట్టించుకోవడం జన్మకు ఒకసారి చాలంది.

నేను మెకానికల్ డిప్లొమా చదివి నరసరావుపేటలో ఒక పత్తి జిన్నింగ్ మిల్లులో యంత్రాల మరమ్మతులు చూస్తున్నాను. ఏ పనికైనా ముందు ఏం కావాలో వరసగా అనుకుని గాని చేయి పెట్టను. నాయనమ్మ చెవులకు కావలసినవి ఇవి: చూడడానికి పెద్దగా ఉండాలి. బరువు ఉండకూడదు. కండను కోయకూడదు. ఎక్కడైనా తగులుకుంటే తెగేది లోలాకే కావాలి, చెవి కాదు. మొదటి రెండూ ఒకదానితో ఒకటి పొసగవనిపించింది, పేటలో పూసల కొట్టుకు వెళ్ళేదాకా.

కొట్టు నడిపే భాయ్ ఎవరికని అడిగాడు. నాయనమ్మకు అనగానే గాజు రాళ్ళ పళ్ళెం పక్కకు జరిపి వేరే డబ్బా తీశాడు. అందులో సన్నటి తీగను పువ్వులుగా, ఆకులుగా మెలితిప్పి అతికిన జాలీ బిళ్ళలు ఉన్నాయి. ఇత్తడి మీద బంగారు పూత. చిల్లులే ఎక్కువ, లోహం తక్కువ. రూపాయి బిళ్ళకంటే పెద్దదాన్ని అరచేతిలో వేసుకుంటే ఉన్నట్టే తెలియలేదు. రైలు వంతెన ఇనుప చట్రం చూసినప్పుడు కలిగే సంతోషమే కలిగింది.

పూసల రంగు నాయనమ్మే చెప్పింది. మిరపపండు ఎరుపు కావాలి. అదైనా ఎండిపోయిన కాయ రంగు పనికిరాదట, కల్లంలో పోసిన మొదటిరోజు రంగు ఉండాలట. రెండుసార్లు మార్చుకురావలసి వచ్చింది. రెండోసారి భాయ్ మీ నాయనమ్మను ఒకసారి చూడాలని ఉందన్నాడు.

ఆదివారం వరండాలో గుడ్డ పరిచి కూర్చున్నాను. గుండుసూదిలా తలకాయ ఉన్న సన్నటి తీగకు కింది నుంచి చిన్న పూస, పెద్ద పూస, మళ్ళీ చిన్న పూసలు ఎక్కించి, పైన మిగిలిన కొసను ప్లయర్‌తో గుండ్రంగా తిప్పి జాలీ బిళ్ళకు వేలాడదీయాలి. ఇంతే పని. బేరింగులు బిగించే నా వేళ్ళకు ఆ కొస చాలాసేపు లొంగలేదు. గుండ్రంగా రావలసింది కోడిగుడ్డులా వచ్చేది. పక్కన మంచం మీద కూర్చుని నాయనమ్మ చూస్తోంది.

"మిల్లులో గూడా ఇట్టాగే చేస్తావంటరా? ఇంకా నిన్ను ఎట్టా ఉంచుకున్నారు?"

చెవికి తగిలించే కొక్కేన్ని కావాలనే లావు తీగతో చేశాను. అదే బరువుకు సన్నటి తీగ సబ్బును దారం కోసినట్టు కండను కోస్తుంది. జారకుండా వెనక సైకిలు వాల్వు ట్యూబు ముక్క తొడిగాను. కొక్కేన్నీ బిళ్ళనూ కలిపే రింగును మాత్రం అన్నిటికంటే బలహీనంగా ఉంచాను. గట్టిగా లాగితే ముందు అదే విచ్చుకోవాలి. మిల్లులో మోటారుకు ఫ్యూజు ఎందుకో ఇదీ అందుకే.

రెండూ పూర్తయ్యాక వెర్నియర్‌తో కొలిచాను. పొడవులో వెంట్రుకవాసి తేడా లేదు. నాయనమ్మ చెవులకు పెట్టాను. కళ్ళు మూసుకుని తల అటూ ఇటూ ఊపింది. బరువు లేదంది. అద్దం తీసుకుంది.

"ఒకటి దిగిందిరా."

తీసి కొలిచాను. సమానం. పెట్టాను. మళ్ళీ దిగిందంది. రెంటినీ చెవులు మార్చి పెట్టినా ఎడమవైపుదే కిందికి కనబడింది. అప్పుడు లోలాకులు వదిలేసి చెవుల వంక చూశాను. ఎడమ తమ్మె కుడిదానికంటే కిందికి సాగి ఉంది. చిన్నప్పటి నుంచీ ఆ ముఖం చూస్తున్నాను, ఈ తేడా ఎప్పుడూ కంటపడలేదు. రెండు బుట్టలూ ఒకే బరువు కదా, ఒక్క చెవే ఎందుకు సాగిందని అడిగాను.

"కుడిచెయ్యి పనికి గావాలి. బిడ్డ ఎడం చంకనే గదరా ఉండేది," అంది. "ముందు మీ నాయన, తర్వాత మీ అక్క, ఆ తర్వాత నువ్వు. ముగ్గురూ ఆ బుట్ట పట్టుకొని వేళ్ళాడినోళ్ళే. వాళ్ళిద్దరూ కాస్త నయం. నీది ఉడుంపట్టు."

ఎడమ లోలాకు విప్పి, కిందున్న చిన్న పూస తీసేసి మళ్ళీ కట్టాను. ఈసారి కొలవలేదు. పెట్టి, ఎదురుగా నిలబడి చూశాను. రెండూ ఒకే ఎత్తున వేలాడుతున్నాయి. నాయనమ్మ చాలాసేపు అద్దం దించలేదు. తర్వాత గురజాల బస్సు ఎన్నింటికని అడిగింది.

అక్క ఇంటికి చేరాక ముఖం కడుక్కోవడానికి నాయనమ్మ లోలాకులు తీసి డబ్బాలో పెట్టింది. అక్క వాటిని అరచేతిలో పక్కపక్కన పెట్టుకుని, తమ్ముడి చదువు ఇంతేనా, ఒకటి పొట్టిగా ఏడిసిందని అత్తగారి ముందే నవ్వింది. ముందు ఆ పొట్టిదాన్ని ఎడమ చెవికి పెట్టి చూడమన్నాను. నాయనమ్మను కూర్చోబెట్టి తనే పెట్టింది. సమానంగా ఉన్నవాటిని అటొకసారి ఇటొకసారి చూసి, ఎడమ తమ్మెను వేలితో మెల్లగా తాకింది. కారణం చెప్పాను. అక్క నాయనమ్మ కొంగు సరిచేసి లేచింది. వియ్యపురాలు మాత్రం ఆ ఎరుపు బాగుందని, ఎక్కడ చేయించారని అడిగింది. ఇంట్లోనే ఉన్నాడు కంసాలి, అంది నాయనమ్మ.

అసలు కంసాలి వచ్చి పిల్ల చెవులు కుట్టాడు. నా ఒళ్ళో అది ఏడ్చిన ఏడుపుకు నా చెవులే చిల్లులు పడ్డాయి. ఎవరు ఎత్తుకున్నా ఊరుకోలేదు. చివరికి నాయనమ్మ లేచి, నా చేతుల్లోంచి తీసుకుని ఎడమ చంకన వేసుకుంది. ఏడుపు వెక్కిళ్ళలోకి దిగింది. తడికళ్ళతో పిల్ల పక్కనే ఊగుతున్న ఎర్రపూసలను చూసింది. నేను అడుగు వేసేలోపే పట్టుకుని గుంజింది.

నాయనమ్మ చేయి గబుక్కున చెవికి పోయింది. కొక్కెం చెవికే ఉంది. తమ్మె ఉంది. వేళ్ళకు రక్తం అంటలేదు. రింగు విచ్చుకుని లోలాకు మాత్రం పిల్ల గుప్పిట్లో ఉంది. నోట్లో పెట్టుకుంటుందేమోనని దగ్గరికి పోయి వేళ్ళు ఒక్కొక్కటే విప్పబోయాను. ఒకటి విప్పితే ఇంకోటి మూస్తోంది.

"ఒరేయ్," అంది నాయనమ్మ, పిల్లను చంకన పైకి ఎగదోసుకుంటూ. "ఈసారి ఇంకో పూస తగ్గించి చెయ్యి. ఇది నీకంటే గట్టిది."