శ్మశానంలో పెట్టిన సంతకం

"ఈ కాగితం వాడి చేతికి చేరేలోపే వాడు నా దగ్గరికొస్తే?"

మా గోడకి అవతలి ఫ్లాట్‌లో ఉండే ల్యూబా పోలీస్ స్టేషన్‌లో జినోవియాను అడిగిన మాట ఇది. ఐదు నెలల నా పాపను ఎత్తుకుని, నేను సాక్షిగా వెళ్లాను.

ద్నీస్టర్ నది ఒడ్డునున్న మా చిన్న పట్నం స్టేషన్‌లో జినోవియాది ఇరవై రెండేళ్ల సర్వీసు. అంతకుముందు చక్కెర కర్మాగారంలో చక్కెర దుంపల లారీలు తూచేది. స్టేషన్‌కొచ్చిన ప్రతి కాగితాన్నీ రిజిస్టరులో ఎక్కించడం ఆవిడ పని. మోకాళ్ల నొప్పులు, జేబులో ఎప్పుడూ పొద్దుతిరుగుడు గింజలు.

కోర్టు ఉత్తర్వు ముందురోజే వచ్చింది. ల్యూబా భర్త తుదోర్ ఇల్లు ఖాళీ చెయ్యాలి, ఆమెకు రెండు వందల మీటర్ల దూరంలో ఉండాలి. కానీ దాన్ని అందుకున్నట్టు అతను సంతకం పెట్టేదాకా ఎవరూ అతన్ని ఆపలేరు. ఆ రోజేమో మృతుల ఈస్టర్, పోయినవాళ్లకి సమాధుల దగ్గర రొట్టె, వైను పెట్టే పండగ. ఊరంతా సమాధుల దగ్గరే ఉంది.

"పండగపూట, పోయినవాళ్ల ముందు ఎలా ఇస్తానక్కా? రేపిద్దాం," అన్నాడు ఇన్‌స్పెక్టర్ వెనియమిన్. అతని చేతిలో వాళ్లమ్మ సమాధికి తీసుకెళ్లే రొట్టెల బుట్ట ఉంది.

"రేపటిదాకా ఈ పిల్లెక్కడుంటుంది? మీ ఆవిడ వంటింట్లోనా?"

"ఊళ్లో నా మొహం ఎలా..."

"నీ మొహం గురించి చట్టంలో ఏం లేదు నాయనా. వెంటనే అందజెయ్యాలనుంది. రేపంటావా? నువ్వలా అన్నావని టైముతో సహా రాసుకుంటా." జినోవియా రిజిస్టరు తెరిచింది.

వెనియమిన్ పెన్ను వంక చూసి టోపీ పెట్టుకున్నాడు.

ల్యూబా పోలీసు కారులోనే ఉండిపోయింది. మేం ముగ్గురం శ్మశానంలోకి నడిచాం. తుదోర్ తన తండ్రి సమాధి దగ్గరున్నాడు. మమ్మల్ని చూడగానే రొట్టె, వైను గ్లాసు ముందుకు చాపాడు. పోయినవాళ్ల పేరు మీద ఇచ్చింది కాదనకూడదు; తీసుకున్నాక గొడవ పెట్టుకోకూడదు. వెనియమిన్ చెయ్యి గ్లాసు దాకా వెళ్లింది.

"ముందు సంతకం," అంది జినోవియా ఆ చేతిని పక్కకు తోసి.

"ఇంటి గొడవకి పోలీసులా? మా నాన్న వింటున్నాడు!"

"విననీ. ఆయనక్కూడా చదివి వినిపిస్తాం."

నిజంగానే పైకి చదివింది. చుట్టుపక్కల సమాధుల దగ్గరున్నవాళ్లంతా ఇటు తిరిగారు. తుదోర్ సంతకం పెట్టాడు. సాయంత్రానికల్లా బట్టలు సర్దుకుని వెళ్లిపోయాడు. ల్యూబా తాళం మార్పించింది.

జూన్‌లో అతను మళ్లీ మెట్లెక్కి వచ్చాడు. నేను స్టేషన్‌కి ఫోన్ చేశాను. "చూస్తాం" అని పెట్టేశారు. రెండోసారి ఏడుస్తూ చేస్తే వచ్చారు. సంతకం ఉంది కాబట్టి పట్టుకెళ్లారు. తర్వాత జినోవియా నన్ను చీవాట్లు పెట్టింది. ఇప్పుడు స్టేషన్‌కి ఎప్పుడు ఫోన్ చెయ్యాల్సొచ్చినా ఆ రోజు ఆవిడ చెప్పినట్టే చేస్తున్నాను:

"బతిమాలకే పిల్లా. రావడం వాళ్ల ఉద్యోగం. ఫోనెత్తినవాళ్ల పేరడుగు, ఫిర్యాదు నమోదు నంబరడుగు. నంబరు చెప్పేదాకా ఫోన్ పెట్టెయ్యకు."