కోడలి చేతులకు పట్టించిన పసుపు

నా కోడలి చేతులు పగలడం మొదలైంది నిరుడు, మృగశిర కార్తె వచ్చిన మూడో రోజున. నాకు రోజులు గుర్తుంటాయి. ఆ సాయంత్రం చపాతీ పిండి కలుపుతూ చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కుంది. పిండిలో ఉప్పు తగిలి మండిందట. దీపం దగ్గరికి తెచ్చి చూశాను. వేళ్ల సందుల్లో ఎర్రగా, బ్లేడుతో గీసినట్టు సన్నని పగుళ్లు.

ఆమె గడ్డపోతారం వైపు ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేస్తుంది. మాత్రల అట్టలను డబ్బాల్లో సర్దే పని. పొద్దున లోపలికి వెళ్లే ముందు అందరినీ వరుసలో నిలబెట్టి చేతులు చూస్తారట. గోళ్లరంగు, గోరింటాకు, గాజులు, పుండు, ఏదీ ఉండకూడదు. ఆ పగుళ్లు చూసిన సూపర్‌వైజర్, నెలాఖరుకల్లా మానకపోతే డ్రమ్ములు కడిగే చోటికి పంపిస్తానన్నాడు. అక్కడ రోజంతా సబ్బునీళ్లలోనే చేతులు. పగిలిన చేతులతో అక్కడికి వెళ్లడమంటే వారం తిరక్కుండా పని మానుకోవడమే. ఆమెకు ప్యాకింగ్ పని ఇష్టం. తెల్లకోటును మా ఇంట్లో ఇంకెవ్వరినీ ఉతకనివ్వదు.

"నేనుండంగ పరేషానెందుకు బిడ్డా?" అన్నాను.

ఊరికే అనలేదు. ముగ్గురు పిల్లల్ని పెంచాను. గజ్జి, చెమటకాయలు, ఎండాకాలపు సెగ్గడ్డలు, దేనికీ ఊరు దాటలేదు. మందు మా అమ్మ చెప్పినదే. కొమ్ములు దంచి జల్లించిన పసుపు రెండు తులాలు, వేప చిగురు పిడికెడు, గానుగ కొబ్బరినూనె నాలుగు చెంచాలు. కొలత తప్పితే అది మందు కాదు, పచ్చడి అనేది మా అమ్మ. నేను కొలత తప్పను.

రోజూ అన్నాలు తిన్నాక గడప దగ్గర కూర్చునేవాళ్లం. ఆమె రెండు చేతులూ నా ఒళ్లో పెట్టేది. ఒక్కో వేలికీ పట్టించి, పాత ధోవతి గుడ్డ చుట్టేదాన్ని. పెళ్లయి వచ్చిన ఆరేళ్లలో మేమిద్దరం అంతసేపు ఒకచోట కూర్చున్నది అప్పుడే. అంతకుముందు మా మాటలన్నీ కూరలో ఉప్పు గురించో, నల్లా వచ్చిందా లేదా అనో.

"పెండ్లినాడు గూడ ఇంత పసుపు పూయలే అత్తమ్మా నాకు."

"అప్పుడు ఒళ్లు మంచిగుండె. చెయ్యి కదపకు."

"నా మొగుడు రేపు నన్ను గుర్తుపడ్తడో లేదో."

"ఇన్నొద్దులు గుర్తువట్టి ఏం జేసిండు? కదపకన్న గద!"

కానీ చేతులు మానలేదు. ఎర్రదనం వేళ్ల సందుల్లోంచి మణికట్టు దాకా పాకింది. నా కొడుకు, "అమ్మా, జెర దవాఖానకు తీస్కపోనియ్యి" అని రెండుసార్లు అడిగాడు. వద్దన్నాను. నా లెక్క నాకుంది. ఆదివారం కంపెనీకి సెలవు. ఆదివారం సాయంత్రానికి ఎరుపు తగ్గేది. సోమవారం పనికి వెళ్లి వచ్చేసరికి మళ్లీ రాజుకునేది. దోషం కంపెనీలోనే ఉందని ఇంతకన్నా రుజువేం కావాలి? అక్కడ తగిలిన విషాన్ని ఇక్కడ విరిచేయాలనుకుని పసుపు మూడు తులాలకు పెంచాను.

అంతలో జోగిపేటలో ఉండే మా అక్కకు కంటి ఆపరేషన్ అయింది. సాయం చేయడానికి గురువారం వెళ్లాను. వెళ్లే ముందు వారానికి సరిపడా మందు నూరి, స్టీలు డబ్బాలో వేసి, ఫ్రిజ్‌లో పెట్టి, ఒక్క పూట కూడా మానవద్దని మరీ మరీ చెప్పాను. తిరిగి వచ్చింది మరుసటి బుధవారం. కాళ్లు కడుక్కుని ముందు ఫ్రిజ్ తెరిచాను. డబ్బాలో మందు నేను వేలితో చదును చేసిన గీత చెదరకుండా అలాగే ఉంది.

కోపంతో ఆమె కంపెనీ బస్సు దిగి వచ్చేదాకా గుమ్మంలోనే నిలబడ్డాను.

"ఏందే పిల్లా, నేను గడప దాటంగనే మందు మరిశినవా?"

ఆమె చేతులు వెనక్కి పెట్టుకుంది.

"సూపియ్."

చూపించింది. మణికట్టు మీద ఎరుపు లేదు. వేళ్ల సందుల్లో పగుళ్లు మూసుకుని, కొత్త చర్మం పల్చగా గులాబీ రంగులో వస్తోంది.

గడప మీద కూర్చుని, ఆమెను కూడా కూర్చోబెట్టుకున్నాను.

"ఈ వారం పనికి పోలేదా?"

"పోయిన. ఓవర్‌టైం గూడ జేసిన."

"పని మారిందా?"

"లే. గదే లైను."

"సబ్బు?"

"గదే."

"నీళ్లు?"

"మన నల్లా నీళ్లే అత్తమ్మా."

లెక్కలోంచి ఒక్కొక్కటీ తీసేస్తూ వచ్చాను. కంపెనీ ఉంది, లైను ఉంది, సబ్బూ నీళ్లూ ఉన్నాయి. ఆ వారం ఈ ఇంట్లో లేనిది ఒక్కటే. నేను.

"నా పసుపేం జేసింది నిన్ను? నిజం జెప్పు" అన్నాను.

తల వంచుకుని చెప్పింది. మొదటి రోజే గేటు దగ్గర పసుపు చేతులు చూసి, కడుక్కుని రమ్మని వెనక్కి పంపారట. సబ్బుతో ఎంత తోమినా పోలేదు. అట్టపెట్టెల మీద నంబర్లు కొట్టే మిషనుకు ఇంకు మరకలు తుడిచే మందొకటి ఉంటుందట. తోటి పనామె అది చిన్న సీసాలో పోసి, బట్టలు మార్చుకునే గదిలో దాచి ఇచ్చింది. రోజూ పొద్దున చేతులు చూసే ముందు దూదితో దాన్ని రుద్దుకుని పసుపు వదిలించుకునేది. సాయంత్రం చేతులకు పసుపు లేకపోతే, పనిలో పోయిందనుకున్నాను నేను.

"సిటికెల పోతది" అంది.

"మండదా?"

"కండ్లల్ల నీళ్లొస్తయి."

ఆదివారం ఎందుకు తగ్గేదో అప్పుడు తెలిసింది. ఆ రోజు పసుపు వదిలించుకునే పని లేదు. నేను మూడు తులాలు చేసినప్పుడు, ఆమె ఆ మందు ఇంకా గట్టిగా రుద్దుకోవలసి వచ్చింది.

"మరి నాకెందుకు జెప్పలే?"

"నువ్వు తిడ్తవని."

"తిడ్తనే. గంతేనా?"

కొంగు అంచు వేలికి చుట్టుకుంది.

"మా అమ్మ పోయినంక నా చేతులు గిట్ల ఎవ్వరు పట్టుకోలే అత్తమ్మా. మందు వద్దంటే, నువ్వు లేశి లోపలికి పోతవనిపిచ్చింది."

లేచి డబ్బాలో మందంతా వేపచెట్టు మొదట్లో గుమ్మరించి వచ్చాను.

నేను పొలం పని చేసిన రోజుల్లో పసుపు చెయ్యి మర్యాదగల చెయ్యి. ఆ చేత్తో నాట్లు వేసినా, పాలు పిండినా ఎవరూ వద్దనలేదు. సాయంత్రానికి మట్టే దాన్ని తుడిచేసేది. ఆ మందు అలాంటి చేతుల కోసం పుట్టింది. కొలతలన్నీ అప్పజెప్పిన నేను, ఈ చెయ్యి పొద్దున ఎక్కడికి పోతుందో, గోరింటాకే వద్దన్నవాళ్లు అక్కడ పసుపును ఒప్పుకుంటారో లేదో ఒక్కసారీ అడగలేదు.

మర్నాడు సెలవు పెట్టించి సంగారెడ్డి దవాఖానకు నేనే తీసుకెళ్లాను. డాక్టరమ్మ చేతులు తిప్పి చూసి, మొదటి పగుళ్లు పనిలో తొడిగే గ్లవ్స్‌లో చెమట పట్టడం వల్ల, మాటిమాటికీ కడగడం వల్ల వచ్చినవంది. ఆ మిషను మందు మళ్లీ ముట్టుకోవద్దని గట్టిగా చెప్పింది. మలాం రాసిచ్చింది. కొబ్బరినూనె రాయవచ్చా అని అడిగితే, రాయమంది. మలాం పూశాక ఎంతసేపటికి, ఎన్ని చుక్కలు అని నేనడిగితే నవ్వింది. చెప్పింది మాత్రం వివరంగానే.

నెలాఖరున గేటు దగ్గర సూపర్‌వైజర్ ఆమె చేతులు అటూ ఇటూ తిప్పి చూసి, లోపలికి పొమ్మన్నాడట. ఆ సాయంత్రం బస్సు దిగుతూనే రెండు చేతులూ ఎత్తి చూపించింది.

మలాం పూయడానికి క్షణం చాలు, ఆమె తనే పూసుకోగలదు. అయినా అన్నాలు తిన్నాక వచ్చి గడప దగ్గర కూర్చుంటుంది, నూనె గిన్నె నేను పట్టుకొస్తాను.

పుష్యమాసం చలిలో ఒకరోజు తనే అడిగింది.

"అత్తమ్మా, గా పసుపు మందు జెర నూరుతవా?"

ఉలిక్కిపడ్డాను. "ఎందుకే?"

"మడమలు పగిలినయి. గేటుకాడ చేతులే సూస్తరు గని కాళ్లు సూడరు. బూట్లల్లుంటయి."

"మేజోళ్లకు అంటదా?"

"నల్లయి."

"మల్ల దేంతోనన్న కడుగుతవా?"

"కడగ. ఒట్టు."

మడమలు చూశాను. నెత్తురు లేదు, ఎండిన పగుళ్లే. ఒక్క తులం మాత్రం నూరాను. గిన్నె తెచ్చేసరికి కాళ్లు చీర కిందికి లాక్కుని కూర్చుంది.

"ఇటియ్యి, నేనే పూసుకుంట. అత్తమ్మ ఒళ్లె కాళ్లు వెట్టుడేంది, పాపం తల్గుతది."

"తల్గితే నాకు తల్గనియ్యి" అంటూ కుడికాలు పట్టి ఒళ్లోకి లాక్కున్నాను.

చక్కిలిగింతలని వేళ్లు ముడుచుకుంది.

"కదపకు" అన్నాను.